1870 గోడ: నల్లజాతి అమెరికన్ల వంశశోధన ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

అమెరికాలో తమ పూర్వీకుల వివరాలు వెదికే నల్లజాతి కుటుంబాల్లో చాలామంది ఒకే ఏడాది దగ్గర ఆగిపోతారు. వంశశోధకులు దానికి పెట్టుకున్న పేరు ‘1870 గోడ’. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ 1865 డిసెంబరులో ఆమోదం పొందగా, ఆ తరువాత జరిగిన మొదటి దేశవ్యాప్త జనాభా లెక్కలు 1870 నాటివి. అంతవరకు బానిసలుగా బతికిన సుమారు 40 లక్షల మందిలో ప్రాణాలతో మిగిలినవారి పేర్లు వాటిలోనే తొలిసారి కనిపిస్తాయి.

1790లో మొదలైన జనాభా లెక్కల్లో చాలాకాలం కుటుంబ పెద్ద పేరు మాత్రమే రాసేవారు. 1850 నుంచి ఇంట్లోని ప్రతి స్వతంత్ర వ్యక్తి పేరూ నమోదైంది గాని, బానిసలకు వేరే పట్టిక పెట్టారు. అందులో పేరు యజమానిది. దాని ఎదుట ఒక్కొక్క వరుసలో వయసు, ఆడ మగ, ఒంటి రంగు వంటి వివరాలే ఉంటాయి. 1860లో ఆ పట్టికకు బానిసల ఇళ్లు ఎన్ని అనే గడిని కూడా చేర్చారు. ఇళ్లను లెక్కించడానికి దొరికిన చోటు మనిషి పేరుకు దొరకలేదు. ఇది గుమస్తాల అలసత్వం కాదు: బానిసల పేర్లు కూడా రాయాలన్న ప్రతిపాదన 1850 లెక్కలకు ముందు సెనేట్‌కు వచ్చి, దక్షిణాది సభ్యుల అభ్యంతరాలతో వీగిపోయింది.

అలాగని కాగితాలు లేవని కాదు, అవి యజమానుల పేరిట ఉన్నాయి. యజమాని చనిపోయినప్పుడు కౌంటీ కోర్టుకు సమర్పించిన ఆస్తి జాబితాల్లో కంచరగాడిదలు, నాగళ్లు, వంటపాత్రలు ఉన్న పుటలోనే మనుషులూ ఉంటారు. ఇంటిపేరు లేని ఒంటి పేరు, పక్కన డాలర్లలో వెల. అందువల్ల గోడ దాటాలంటే ముందుగా యజమాని ఎవరో తేలాలి. విముక్తి పొందినవారంతా చివరి యజమాని ఇంటిపేరే పెట్టుకోలేదు. కొందరు అంతకుముందరి యజమానిది, మరికొందరు తమకు నచ్చినది పెట్టుకున్నారు. ఇంటిపేరు చెప్పగానే ఊరూ వాడా ఆరా తీయగల మనకు ఈ చిక్కు వెంటనే తట్టదు. అందుకే శోధకులు 1870లో ఆ కుటుంబానికి ఇరుగుపొరుగున ఉన్న తెల్లజాతి భూస్వాముల పేర్లు తీసుకొని, 1860 పట్టికలో వారి కింద ఉన్న వయసులతో పోల్చి చూస్తారు. పదేళ్ల తేడా సరిపోయినంత మాత్రాన అది రుజువు కాదు, ఆధారం మాత్రమే.

నా దృష్టిలో వీటన్నిటికంటే విలువైనవి విముక్తి పొందినవారు పొదుపు చేసుకోవడానికి 1865 మార్చిలో ఏర్పడిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా పుస్తకాలు. ఖాతా తెరవడానికి వచ్చిన చాకలి స్త్రీనో, బండి తోలే మనిషినో గుమస్తా అడిగిన ప్రశ్నల్లో పుట్టిన చోటు, పెరిగిన చోటు, పాత యజమాని, చేసే పని, భార్యాపిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేర్లు ఉండేవి. ప్రతి ఖాతాకూ అన్ని గడులూ నిండలేదు. నిండిన చోట మాత్రం చెదిరిన కుటుంబం ఒకే పుటలో పేర్లతో సహా దొరుకుతుంది. నిర్వహణ లోపాలతో ఆ బ్యాంకు 1874లో మూతపడి, 60 వేలకు పైగా ఖాతాదారుల పొదుపు చిక్కుకుపోయింది. డబ్బు మునిగినా పుస్తకాలు మిగిలాయి.

విముక్తి పొందినవారికి సాయపడేందుకు బ్యాంకుతో పాటే పుట్టి 1872 వరకు పనిచేసిన ప్రభుత్వ సంస్థ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో దస్త్రాల్లో కూలి ఒప్పందాలు, పంచిన తిండిగింజలు, ఆసుపత్రి పద్దులు ఉన్నాయి. బానిసత్వంలో చట్టం గుర్తించని పెళ్లిళ్లను అక్కడ మళ్లీ నమోదు చేయించుకున్న జంటల వివరాలూ దొరుకుతాయి. చాలా దశాబ్దాలు ఇవి మైక్రోఫిల్మ్ చుట్టల్లో, పేర్ల సూచిక లేకుండా ఉండిపోయాయి. 2015లో వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు చేతిరాతను చదువుతూ సూచిక తయారుచేయడం మొదలుపెట్టి, ఏడాదిలో పూర్తిచేశారు. ఇప్పుడు పేరుతో వెదికితే, భూస్వామి సంతకం, కూలీ వేసిన గుర్తు పక్కపక్కనే ఉన్న ఒప్పందం ఎదుటికి వచ్చే అవకాశం ఉంది. ఆ భూస్వామి పాత యజమానే అయితే, కోర్టులో ఎవరి ఆస్తి జాబితా అడగాలో అప్పుడు తెలుస్తుంది.