చెన్నై నుంచి పుదుచ్చేరికి సైకిల్ మీద: అపోహలు - వాస్తవాలు

మెహదీపట్నంలో సైకిళ్లు బాగుచేస్తుంటాను. సంక్రాంతి దాటాక ఏటా నలుగురైదుగురిని వెంటేసుకుని ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చెన్నై నుంచి పుదుచ్చేరికి ఒక్క రోజులో తొక్కుకుంటూ వెళ్తాను. దాదాపు 150 కిలోమీటర్లు. బయల్దేరే ముందు ప్రతి బ్యాచీ నోటా ఇవే మాటలు.

అపోహ: "అన్నా, అంతా ప్లెయిన్ రోడ్డే గదా. అనంతగిరి ఎక్కినోళ్లకు అదెంత?"

ఎక్కువ మందిని దెబ్బకొట్టేది ఇదే. హైదరాబాద్ పీఠభూమి మీద, 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ ఏ రోడ్డు పట్టినా ఎక్కుడు, దిగుడు. ఎక్కేటప్పుడు సీటు మీంచి లేస్తాం, దిగేటప్పుడు కాళ్లు ఆపేస్తాం. నడుముకీ చేతులకీ మనకు తెలియకుండానే విశ్రాంతి దొరుకుతుంది. అక్కడ దిగుడే లేదు, తొక్కడం ఆపితే బండి ఆగుతుంది. నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పినా ఏడు గంటల్లో 33 వేలు దాటుతాయి, అదీ ఒకే భంగిమలో. మహాబలిపురం దాకా, అంటే సుమారు మొదటి 60 కిలోమీటర్లు, అందరూ హుషారే. ఆ తర్వాత ఎవరో ఒకరు చెయ్యి విదిలిస్తూ కనిపిస్తారు. చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరి. అరచేతి అంచున పోయే నరం హ్యాండిల్‌కి నొక్కుకుపోతుంది మరి. పది నిమిషాలకోసారి పట్టు మార్చండి, అరగంటకోసారి పెడల్స్ మీద లేచి నిలబడండి అని మొత్తుకుంటాను. తిమ్మిరెక్కేదాకా ఎవరూ వినరు.

అపోహ: మెత్తటి జెల్ కవర్ వేస్తే సీటు నొప్పి ఉండదు.

పాల ప్యాకెట్‌కి వెళ్లొచ్చేంత దూరానికైతే సరే. గంటలు గడిచేకొద్దీ కూర్చునే ఎముకలు ఆ మెత్తదనంలో దిగిపోయి, బరువంతా మధ్యలోని సున్నితమైన భాగం మీద పడుతుంది. కాస్త గట్టి సీటు, సరైన ఎత్తు ముఖ్యం. పెడల్ కిందికున్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఇది చెప్పగానే అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి.

అపోహ: సముద్రపు గాలి చల్లగా ఉంటుంది, అది మనకు మేలే.

గాలి మేలో కీడో నెల చెబుతుంది, గంట చెబుతుంది. పొద్దెక్కేకొద్దీ నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది, పైకి లేచిన వేడిగాలి చోటులోకి సముద్రం మీది గాలి దూసుకొస్తుంది. జనవరిలో ఆ తీరంలో మొత్తం మీద ఈశాన్యపు గాలి. మనం వెళ్లేది దక్షిణానికి కాబట్టి వీపు తడుతూ తోసుకెళ్తుంది. అందుకే సంక్రాంతి దాటాక అన్నాను. ఒకసారి మొహమాటానికి పోయి మే నెలలో ఒప్పుకున్నాను. మధ్యాహ్నం ఎడమవైపు ముందు నుంచి ఒకటే ఈడ్పు. గంటకు 14 కిలోమీటర్లు దాటలేదు.

అపోహ: నీళ్లు బాగా తాగితే చాలు.

చాలవు. మన దగ్గర పొడి ఎండ, చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. అక్కడి ఉక్కపోతలో చెమట ఆరదు, కారుతుంది. చెమటతో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లే తాగితే ఒంట్లో మిగిలిన ఉప్పు పలచబడి తలనొప్పి, వికారం మొదలవుతాయి. ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో పడాలి. మరక్కాణం దగ్గర రోడ్డు పక్కన ఉప్పు మడులు, తెల్లటి కుప్పలు. అక్కడ ఆగి చూసుకుంటే మా నల్ల జెర్సీల మీద కూడా తెల్లటి చారలే!

అపోహ: దారి పొడవునా సముద్రం పక్కనే ఉంటుంది.

ఉండదు. సరుగుడు తోపులు, రిసార్టుల గోడలు, ఉప్పుటేళ్లు. అలలు చూడాలంటే పనిగట్టుకుని పక్క దారి పట్టాలి.

అపోహ: సాయంత్రానికి చేరి ఊరు చూసేయొచ్చు.

1954 దాకా ఫ్రెంచివాళ్లు పాలించిన ఊరు, గీత గీసినట్టు నిటారు వీధులు, చూడాల్సింది చాలానే ఉంది. (మన యానాం కూడా ఈ పుదుచ్చేరి పాలన కిందిదే.) కానీ ఆ సాయంత్రం మీకు మెట్టు ఎక్కడమే గగనం. రాత్రి అక్కడే ఆగి, తెల్లారాక చూడండి.

అపోహ: ఇంటికొచ్చాక ప్రెషర్ గన్‌తో కడిగిస్తే సైకిల్ కొత్తదైపోతుంది.

ఆ దెబ్బకు నీళ్లు బేరింగుల్లోకి పోతాయి, గ్రీజు కొట్టుకుపోతుంది. అసలు ఇంటికొచ్చేదాకా ఆగడమెందుకు? చేరిన సాయంత్రమే, సముద్రపు గాలికి పట్టిన ఉప్పు పోయేలా రెండు మగ్గుల మంచినీళ్లు పోసి, పొడిగుడ్డతో తుడిచి, చైనుకి నూనె వెయ్యాలి. ఒకతను నాతో వచ్చి, సైకిల్‌ని అలాగే తెచ్చి బాల్కనీలో కవర్ కప్పి పెట్టాడు. రెండు వారాలకు షాపుకి తెస్తే చైను ఎర్రగా బిగుసుకుపోయింది, చేత్తో పైకెత్తితే తాడులా వేలాడకుండా కర్రలా నిలబడింది. చైను మార్చాను. గేర్ పళ్లు మాత్రం బతికాయి.