ట్విన్ టర్బో పెట్టిస్తే పవర్ డబుల్ అవుతుందా? అపోహలు - వాస్తవాలు

లెక్కలు గాల్లో తేలకుండా ఒక ఇంజిన్‌ని ముందు పెట్టుకుందాం. షెవ్రొలే కార్వెట్ సీ6లో 2008 మోడల్ నుంచి వచ్చిన ఎల్‌ఎస్3. 6.2 లీటర్ల వీ8, బోర్ 103.25 మి.మీ., స్ట్రోక్ 92 మి.మీ., కంప్రెషన్ 10.7:1, కంపెనీ చెప్పే పవర్ 430 హార్స్‌పవర్. ఫ్యాక్టరీ నుంచి టర్బో (ఇంజిన్ వదిలే పొగతో తిరుగుతూ లోపలికి గాలిని నొక్కి పంపే పరికరం) లేకుండా వచ్చిన ఇంజిన్. అమెరికాలో కార్ల పిచ్చి ఉన్న మనవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో కొని, తర్వాత టర్బోల మీద మనసు పారేసుకునే బండి. దీనికి రెండు టర్బోలు బిగించి 8 పీఎస్‌ఐ బూస్ట్ (బయటి గాలి ఒత్తిడికి అదనంగా టర్బో ఇచ్చే ఒత్తిడి) ఇద్దామనుకుంటే వినిపించే మాటలు ఇవీ.

అపోహ: ఒక టర్బో 8 పీఎస్‌ఐ ఇస్తే రెండూ కలిసి 16 ఇస్తాయి

పొలంలో రెండు మోటార్లను పక్కపక్కన పెట్టి ఒకే పైపులోకి కలిపితే నీళ్లు ఎక్కువ వస్తాయి గానీ ఎత్తు పెరగదు. ఎత్తు పెరగాలంటే ఒక మోటారు తోడిన నీళ్లను రెండోది అందుకుని మళ్లీ తోయాలి. టర్బోలదీ అదే లెక్క. వీ8కి మామూలుగా పెట్టేది పక్కపక్క పద్ధతి, అంటే పేరలల్. రెండూ ఒకే ప్రెషర్ ఇస్తాయి, గాలిని సగం సగం పంచుకుంటాయి. ఒకటి నొక్కిన గాలిని రెండోది మళ్లీ నొక్కేది కాంపౌండ్. అది ఎక్కువగా పోటీల డీజిల్ బళ్లలో కనిపిస్తుంది. మూడో పద్ధతి సీక్వెన్షియల్: 1990ల టొయోటా సుప్రాలోని 2జేజెడ్-జీటీఈలో తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర ఒక టర్బోనే పనిచేస్తుంది, తర్వాత రెండోది కలుస్తుంది. దాని వాల్వులు, వాక్యూమ్ పైపుల చిక్కుముడి చూసినవాళ్లు ఎవరూ బయట షెడ్డులో ఆ పనికి పూనుకోరు.

ఇంకో చిన్న సంగతి. బీఎండబ్ల్యూ కార్లకు 'ట్విన్‌పవర్ టర్బో' అన్న పేరుంటే లోపల రెండు టర్బోలున్నాయని కాదు. 2006లో వచ్చిన ఎన్54కి నిజంగానే రెండున్నాయి. దాని తర్వాత వచ్చిన ఎన్55లో ఉన్నది ఒక్కటే, ట్విన్ స్క్రోల్ (పొగ రావడానికి రెండు దారులున్న టర్బో). 335ఐ కార్లలో రెండు ఇంజిన్ల పవరూ దాదాపు సమానం.

అపోహ: గేజ్ మీద బూస్ట్ ఎంత పెరిగితే పవర్ అంత

సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ. దానికి 8 కలిపితే 22.7, అంటే 1.54 రెట్లు. పవరూ 1.54 రెట్లేనని అక్కడే గుణించేస్తారు. కానీ నొక్కిన గాలి వేడెక్కుతుంది. మేలో విజయవాడైనా ఆగస్టులో డాలస్ అయినా 40 డిగ్రీల గాలి లోపలికి పోతుందనుకుందాం. 72 శాతం సామర్థ్యంతో తిరిగే కంప్రెసర్ నుంచి అది సుమారు 96 డిగ్రీలై బయటికొస్తుంది. వేడి గాలి పలచన. కాబట్టి ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లార్చే రేడియేటర్ లాంటిది) లేకపోతే సిలిండర్‌లో చేరే గాలి బరువు పెరిగేది 31 శాతమే. పైగా ఆ వేడికి నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి తనంతట తానే పేలడం) ఖాయం. పెరిగిన వేడిలో 70 శాతాన్ని లాగేసే ఇంటర్‌కూలర్ ఉంటే గాలి 57 డిగ్రీలకు దిగుతుంది. కూలర్ గొట్టాల్లో పోయే కాస్త ప్రెషర్‌ని తీసేసినా 40 శాతం పెరుగుదల నిలుస్తుంది. 430ని 1.4తో గుణించండి: 600. ఈ ఇంజిన్‌కి 8 పీఎస్‌ఐతో ఆశించదగ్గ అంకె అదీ, అదైనా క్రాంక్ దగ్గర. చక్రాల దగ్గర డైనో (పవర్ కొలిచే యంత్రం) ఇంకా తక్కువ చూపిస్తుంది.

టర్బో సైజు కూడా ఈ గాలి బరువు నుంచే తేలాలి. 6500 ఆర్‌పీఎమ్ దగ్గర ఈ ఇంజిన్ నిమిషానికి సుమారు 30 కిలోల గాలి మింగుతుంది, అంటే టర్బోకి 15 కిలోలు. గారెట్ జీ25-550 లాంటిది 300 నుంచి 550 హార్స్‌పవర్ దాకా రాసి ఉన్న సైజు. తలా 300 మోయడం దానికి కష్టం కాదు, తర్వాత పెంచుకోవడానికి చోటూ ఉంటుంది. పెద్ద అంకె మీద మోజుతో జీ30-770లు రెండు కొంటే సగం రోడ్డు అయిపోయాక గానీ బూస్ట్ రాదు.

అపోహ: చిన్నవి రెండు పెడితే ల్యాగ్ ఉండదు

ల్యాగ్ అంటే పెడల్ తొక్కాక బూస్ట్ వచ్చేదాకా పట్టే ఆలస్యం. రెండు పెడితే ఒక్కో టర్బోకి వచ్చే పొగ కూడా సగమే కదా. చక్రం చిన్నదైనందుకు కలిసొచ్చేది కొంత, పొగ తగ్గినందుకు పోయేది కొంత. వీ8కి రెండు పెట్టడానికి అసలు కారణం చోటు. రెండు వైపులా రెండు మానిఫోల్డులున్నాయి. ఎటువైపు పొగ అటే తిప్పితే ఇంజిన్ కింద నుంచి పొడవాటి క్రాస్ఓవర్ పైపు వేయాల్సిన పని తప్పుతుంది, దారిలో వేడి పోదు.

అయితే ఈ ఇంజిన్‌లో ఒక మెలిక ఉంది. ఫైరింగ్ ఆర్డర్ 1-8-7-2-6-5-4-3. బేసి సిలిండర్లు ఎడమ, సరి సిలిండర్లు కుడి. కుడివైపు 2, 6 వెంటవెంటనే పేలతాయి. ఎడమవైపు 3 తర్వాత వెంటనే 1. అంటే ఒక్కో వైపు పొగ దెబ్బలు సమంగా పడవు. క్రాంక్ తిరుగుడులో 90 డిగ్రీల తేడాతో రెండు, ఆ తర్వాత 180, 270 డిగ్రీల ఖాళీలు. కాబట్టి నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ట్విన్ స్క్రోల్ చేసే మేలు ఇక్కడ అంత తేలిగ్గా దక్కదు. ల్యాగ్ తగ్గాలంటే మానిఫోల్డుకీ టర్బోకీ మధ్య దూరం తగ్గించడం, ఆ పైపుకి వేడి పోకుండా చుట్టడం, టర్బైన్ హౌసింగ్ (పొగతో తిరిగే చక్రం ఉండే గూడు) సైజు సరిగ్గా ఎంచుకోవడం, ఇవే దారులు. పైపు చుట్టేటప్పుడు పక్కనే ఉన్న ప్లగ్ వైర్లనీ స్టార్టర్ మోటార్‌నీ మరిచిపోతే మొదటి వారంలోనే కరిగిన రబ్బరు వాసన గుర్తుచేస్తుంది.

అపోహ: కంప్రెషన్ 10.7 ఉంది, టర్బో పెడితే పిస్టన్ పగులుతుంది

పిస్టన్ పగులుతుంది, నిజమే. కానీ నేరం చాలాసార్లు కంప్రెషన్‌ది కాదు. మంచి ఇంటర్‌కూలర్, 93 ఆక్టేన్ పెట్రోల్, తగ్గించిన స్పార్క్ టైమింగ్ (ప్లగ్ కాస్త ఆలస్యంగా మండించేలా) ఉంటే 6 నుంచి 8 పీఎస్‌ఐ ఈ కంప్రెషన్ మీద నడుస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: అమెరికా బంకులో రాసే 93 అక్కడి పద్ధతి అంకె, మన ఆర్‌ఓఎన్ లెక్కలో అది సుమారు 98. కాలిఫోర్నియా బంకుల్లో దొరికే ప్రీమియం 91 మాత్రమే. టెక్సస్‌లో చేసిన ట్యూన్‌ని ఫైల్ కాపీ చేసుకుని కాలిఫోర్నియాలో వాడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మొదట్లో ఒక్కో పీఎస్‌ఐకి దాదాపు ఒక డిగ్రీ చొప్పున టైమింగ్ వెనక్కి లాగి, నాక్ సెన్సార్ లాగ్ చూస్తూ అక్కడి నుంచి సర్దుకోవాలి.

పిస్టన్ని నిజంగా పగలగొట్టేది చాలని రింగ్ గ్యాప్ (పిస్టన్ రింగ్ రెండు కొనల మధ్య ఖాళీ). ఎల్‌ఎస్3లోవి పోత పిస్టన్లు, రింగ్ గ్యాపులు టర్బో లేని ఇంజిన్‌కి తగినవి. బూస్ట్‌లో పై రింగ్ ఎక్కువ వేడెక్కి సాగుతుంది. రెండు కొనలూ ఒకదానికొకటి తగిలాయంటే ఇక సాగడానికి చోటు లేదు. రింగ్ బోర్‌ని పట్టేసి, పిస్టన్ పైకి పోతున్నప్పుడు రింగ్ ల్యాండ్‌ని (రింగుని పట్టి ఉంచే పిస్టన్ అంచుని) విరగ్గొడుతుంది. డిప్‌స్టిక్ గొట్టంలోంచి, బ్రీదర్‌లోంచి ఆయిల్ కక్కడం మొదలైతే లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతుందో చూసే పరీక్ష) పెట్టండి. ఒక్క సిలిండర్ మాత్రమే తేడా చూపిస్తే ఇదే జబ్బు. ఇంజిన్ విప్పే ఉద్దేశం ఉంటే ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేసి, పై రింగ్ గ్యాప్‌ని బోర్‌లో అంగుళానికి 0.006 అంగుళం చొప్పున పెట్టాలి. ఈ బోర్‌కి అది 0.6 మి.మీ. పైనే. పిస్టన్ తయారీదారు కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. హెడ్ దించితే పాత హెడ్ బోల్టులు మళ్లీ వాడకూడదు. అవి సాగేదాకా బిగించే రకం.

ఇంకొకటి. కనెక్టింగ్ రాడ్‌ని వంచేది టార్క్. 2500 ఆర్‌పీఎమ్ దగ్గర ఆరో గేర్‌లో పెడల్ తొక్కి పూర్తి బూస్ట్ లాగడం 6000 దగ్గర లాగడం కన్నా ఎక్కువ హాని చేస్తుంది. గేర్‌ని బట్టి బూస్ట్ తగ్గించే కంట్రోలర్ పెట్టించేది ఇందుకే.

అపోహ: ఇంజెక్టర్లు తర్వాత చూసుకుందాం, ముందు టర్బోలు బిగిద్దాం

లెక్క వేసి చూడండి. నిమిషానికి 30 కిలోల గాలికి 11.6:1 నిష్పత్తిలో పెట్రోల్ కావాలంటే 2.6 కిలోలు, అంటే మూడున్నర లీటర్లు. ఎనిమిది ఇంజెక్టర్లకు పంచితే తలా 440 సీసీ. ఎల్‌ఎస్3తో వచ్చిన ఇంజెక్టర్ ఇచ్చేది కూడా నిమిషానికి సుమారు 440 సీసీయే, అదీ ఒక్క క్షణం మూసుకోకుండా తెరిచి ఉంటే. పైగా సీ6లో ఫ్యూయల్ ప్రెషర్ 58 పీఎస్‌ఐ దగ్గర స్థిరం. బూస్ట్‌తో పాటు పెరగదు. మానిఫోల్డ్‌లో 8 పీఎస్‌ఐ ఎదురు తోస్తే మిగిలేది 50. ఇంజెక్టర్ 7 శాతం తక్కువ పోస్తుంది, సరిగ్గా ఎక్కువ కావాల్సినప్పుడే. కాబట్టి 600 సీసీకి తగ్గని ఇంజెక్టర్లు, వాటికి నిలకడగా పోయగల పంపు ముందు, టర్బోలు తర్వాత. ఒరిజినల్ మ్యాప్ సెన్సార్ (మానిఫోల్డ్‌లో ప్రెషర్ కొలిచేది) కూడా 1 బార్‌ది. బూస్ట్‌ని అది చూడనే చూడదు, 2 లేదా 3 బార్‌ది వేయాలి.

అపోహ: నీలం పొగ వస్తే టర్బో సీల్ పోయినట్టే

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. టర్బో మార్చినా పొగ, ఇంకోటి మార్చినా పొగ. టర్బోలో ఉండే సీల్ రబ్బరు ఆయిల్ సీల్ లాంటిది కాదు; చిన్న పిస్టన్ రింగ్ లాంటి ముక్క. లోపలికొచ్చిన ఆయిల్ ఆటంకం లేకుండా కిందికి జారిపోతుంటేనే అది పనిచేస్తుంది. డ్రెయిన్ అడ్డుపడితే ఆయిల్ నిండి టర్బైన్ వైపు, కంప్రెసర్ వైపు కారుతుంది.

చూడాల్సినవి వరసగా చెప్పాలంటే: డ్రెయిన్ గొట్టం లోపలి వ్యాసం కనీసం 12-13 మి.మీ. ఉండాలి. దారిలో ఎక్కడా పైకి లేవకూడదు, ఉయ్యాలలా వేలాడకూడదు. సంప్‌లో (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టిలో) చేరే చోటు ఆయిల్ మట్టం కన్నా పైన ఉండాలి. డ్రెయిన్ గ్యాస్కెట్‌కి సిలికాన్ పూయకండి. నొక్కుకుని లోపలికి వచ్చిన ముద్ద రంధ్రాన్ని సగం మూసేస్తుంది. బాల్ బేరింగ్ టర్బో అయితే ఆయిల్ వచ్చే దారిలో సుమారు 1 మి.మీ. రిస్ట్రిక్టర్ (దారిని ఇరుకు చేసే ముక్క) ఉందో లేదో చూడండి. జర్నల్ బేరింగ్ దానికి సాధారణంగా అవసరం ఉండదు. కార్వెట్ లాంటి కిందికి కూర్చున్న బండిలో టర్బోలు సంప్ కన్నా దిగువకు వస్తే ఆయిల్ దానంతటది వెనక్కి పోదు. ఆయిల్‌ని వెనక్కి తోడే స్కావెంజ్ పంపు తప్పదు, అది ఆగిన రోజే పొగ మొదలవుతుంది.

అనుమానం తీర్చుకోవడం తేలిక. సంప్ దగ్గర డ్రెయిన్ గొట్టం విప్పి, కొసని కిందున్న డబ్బాలోకి వదిలి, సంప్ రంధ్రాన్ని మూసి, ఇంజిన్‌ని ఐడిల్‌లో కాసేపే నడపండి. డిప్‌స్టిక్ మీద ఓ కన్నేయండి. మానిఫోల్డులో మిగిలిన ఆయిల్ కాలిపోయాక పొగ ఆగితే టర్బో మంచిదే, దారిదే దోషం. ఆగకపోతే క్రాంక్‌కేస్ ప్రెషర్ చూడండి, ఆ తర్వాతే టర్బో మీద చెయ్యి వేయండి.

అపోహ: బూస్ట్ గేజ్ సరిగ్గా ఉంటే రెండు టర్బోలూ సమంగా పనిచేస్తున్నట్టే

గేజ్ చూపించేది రెండూ కలిసిన తర్వాతి ప్రెషర్. ఒక వైపు వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగని టర్బైన్‌కి పోకుండా పక్కకి మళ్లించే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుంటే రెండో టర్బో ఒంటరిగా పరుగెత్తి లోటు పూడుస్తుంది. గేజ్ మీద అంకె మారదు. ఆ టర్బో మాత్రం గీత దాటి తిరుగుతుంటుంది. అందుకే రెండు వేస్ట్‌గేట్లలోనూ ఒకే రేటింగ్ స్ప్రింగులు, ఒకే చోటి నుంచి తీసిన ప్రెషర్ లైను, టీ నుంచి రెండు వైపులకూ సమాన పొడవు గొట్టాలు. బలహీనమైన స్ప్రింగ్ వేస్తే బూస్ట్‌ని కంట్రోలర్‌తో పెంచుకోవచ్చు. గట్టిది వేస్తే ఆ స్ప్రింగ్ ఇచ్చే దానికన్నా తగ్గించే మార్గం లేదు. 8 పీఎస్‌ఐ బండికి 10 స్ప్రింగ్ వేసి తర్వాత తల పట్టుకునేవాళ్లున్నారు.

చిన్నాచితకా

బ్లోఆఫ్ వాల్వ్ పవర్ పెంచదు. గేర్ మార్చేటప్పుడు కంప్రెసర్ మీద పడే ఎదురుదెబ్బని తప్పిస్తుందంతే. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ లెక్కపెట్టిన గాలిని అది బయటికి వదిలేస్తే మిక్స్చర్ రిచ్ అయి నల్లపొగ, ఐడిల్‌లో తడబాటు.

ప్లగ్ ఒకటి రెండు మెట్లు చల్లది, గ్యాప్ 1 మి.మీ. నుంచి 0.65 దరిదాపుల్లోకి. బూస్ట్‌లో మిస్ఫైర్ అయితే కాయిల్ కొనేముందు ఇది చూడండి.

నీళ్ల కూలింగ్ ఉన్న టర్బోకి ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాల్సిన పనిలేదు. ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల ముందు నుంచి నెమ్మదిగా వస్తే చాలు. నీళ్ల లైన్లని మూసేసి "ఆయిల్ చాలు" అనుకున్న చోట మాత్రం బేరింగ్ దగ్గర ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

అపోహ: ఇథనాల్ కలిసిన పెట్రోల్ పోస్తే ఎయిర్-ఫ్యూయల్ గేజ్ అబద్ధం చెబుతుంది

వైడ్‌బ్యాండ్ సెన్సార్ కొలిచేది లాంబ్డాని, అంటే ఉన్న గాలి-ఇంధన నిష్పత్తి ఆ ఇంధనానికి సరైన నిష్పత్తిలో ఎంత వంతో చెప్పే అంకెని. దాన్ని 14.7తో గుణించి గేజ్ చూపిస్తుంది. పూర్తి పెట్రోల్‌కి సరైన నిష్పత్తి 14.7 అయితే మన బంకుల్లోని ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిసినదానికి) సుమారు 13.5, అమెరికాలో మామూలైన ఈ10కి సుమారు 14.1. గేజ్ మీద 11.6 అంటే ఏ పెట్రోల్‌కైనా లాంబ్డా 0.79. కాబట్టి మారాల్సింది గేజ్ కాదు, ఇంజెక్టర్ పోసే పరిమాణం. గొడవ ఎందుకు, గేజ్‌ని లాంబ్డాకి మార్చి పెట్టుకోండి.

అపోహ: డబ్బు కట్టి చేయించుకున్నాం, బండి మనది, అడిగేదెవరు?

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. కాలిఫోర్నియాలో టర్బో కిట్‌కి అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉండాలి. స్మాగ్ చెక్‌లో బానెట్ ఎత్తి వెతికేది ఆ నంబరు స్టిక్కర్ కోసమే. కిట్ కొనేటప్పుడు ఆ నంబరు మీ మోడల్ సంవత్సరానికి వర్తిస్తుందో లేదో చూసుకోండి. ఒక ఏడాది కార్వెట్‌కి ఇచ్చినది మరో ఏడాది దానికి చెల్లకపోవచ్చు.