బియ్యం డబ్బాలో ఫోను: ఇంటి చిట్కాలపై అపోహలు – వాస్తవాలు

విశాఖపట్నంలో జగదాంబ జంక్షన్ దగ్గర ఫోన్లు మరమ్మతు చేసే నా బల్ల మీదకు సోమవారం ఉదయం వచ్చే ఫోన్లలో కొన్నింటి చార్జింగ్ పిన్నులో ఇసుక, స్పీకరు జాలీలో బియ్యపు నూక కనిపిస్తాయి. ఇసుక ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో చేరినది. నూక ఆ రాత్రి ఇంట్లో జరిగిన వైద్యం గుర్తు. సొంతంగా ప్రయోగాలు చేసే ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే నేను ఈ వృత్తిలోకి వచ్చింది కూడా ఇంట్లోని పాత ఫోను విప్పి చూసే అలవాటుతోనే. అయితే ఫోను బయట కటకాలతో, అట్టపెట్టెలతో చేసే ప్రయోగాలు ఎంత విఫలమైనా పోయేది కాస్త సమయమే గాని, నీటి జోలికి, బ్యాటరీ జోలికి వెళ్లేవి అలా కావు.

అపోహ: తడిసిన ఫోనును బియ్యంలో పెడితే నీరంతా లాగేస్తుంది.

వాస్తవం: ఫోను లోపల చిక్కుకున్న నీటిని బియ్యపు గింజలు లాగలేవు, ఆరితే గాలికే ఆరాలి, డబ్బాలో మూసిపెడితే ఆ గాలి కూడా అందదు. నూక లోపలికి చేరి హాని చేయవచ్చు గనుక బియ్యంలో పెట్టవద్దని యాపిల్ సంస్థే తన వినియోగదారులకు చెప్పింది. మన ఊరిలో దీనికి తోడు ఉప్పు ఉంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నీరు ఆవిరైపోయినా అవి బోర్డు మీదే మిగిలి, గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటాయి, బ్యాటరీ నుంచి విద్యుత్తు అందుతున్నంత కాలం కనెక్టర్ కాళ్లను లోలోపల తినేస్తూ పచ్చని చిలుము పట్టిస్తాయి. అందుకే బియ్యంలోంచి తీయగానే వెలిగిందని సంబరపడిన ఫోను కొన్ని వారాల తర్వాత ఉన్నట్టుండి మూగబోతుంది. తడిసిన వెంటనే స్విచాఫ్ చేసి, చార్జర్ పెట్టకుండా, సిమ్ ట్రే తీసి, పిన్ను వైపు కిందికి వంచి నీరు జారనిచ్చి, ఫ్యాను గాలికి ఉంచాలి. ఉప్పునీరైతే ఆ రోజే విప్పించి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగించాలి. ఆల్కహాలు అన్నాను కదా అని శానిటైజర్ పోసి తెచ్చినవారూ ఉన్నారు. అందులో నీరు, గ్లిసరిన్ కూడా ఉంటాయి.

అపోహ: ఐపీ68 ఫోనుతో రుషికొండ బీచ్‌లో ఈత కొట్టవచ్చు.

వాస్తవం: ఐపీ68 అన్నది ఫోను దుమ్మును, నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు. దానికోసం చేసే పరీక్ష కదలని మంచినీటిలో జరుగుతుంది, అలలలో కాదు. పైగా లోపలి జిగురు కాలంతో వదులవుతుంది.

అపోహ: టూత్‌పేస్టు రుద్దితే తెర మీది గీతలు పోతాయి.

వాస్తవం: గీత పోదు సరికదా, వేలిముద్రలు అంటకుండా కాపాడే పూత అరిగిపోతుంది. గీతలు పడ్డాక అందరూ జేబులోని తాళంచెవిని అనుమానిస్తారు గాని, అసలు దొంగ బీచ్ ఇసుక: మోస్ కొలమానంలో ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం 7, ఫోను గాజుది సుమారు 6.

అపోహ: చెప్పుల పెట్టె, భూతద్దం ఉంటే ఇంట్లోనే సినిమా హాలు.

వాస్తవం: పెట్టెకు రంధ్రం చేసి భూతద్దం బిగించి, లోపల ఫోను పెడితే బొమ్మ గోడ మీద పడే మాట నిజమే, హాలు మాత్రం కాదు. ఆరు అంగుళాల తెరను అరవై అంగుళాలకు సాగదీస్తే వైశాల్యం వంద రెట్లవుతుంది, అంటే వెలుగు వందో వంతుకు పడిపోతుంది. కటకంలోకి చేరేది తెర వెలుగులో కొంత భాగమే గనుక నిజానికి ఇంకా తక్కువే. కటకం బొమ్మను తలకిందులు చేస్తుంది గనుక ఆటో రొటేట్ ఆపి ఫోనును తలకిందులుగా నిలబెట్టాలి. భూతద్దంతో ఎదుటి గోడ మీద కిటికీ బొమ్మ స్పష్టంగా పడే దూరం దాదాపు దాని నాభ్యంతరం. పెట్టెలో ఫోను కటకానికి ఆ దూరం కంటే కొంచెం ఎక్కువ దూరంలో ఉండాలి. పెట్టె లోపల నల్ల కాగితం అంటించి, గది పూర్తిగా చీకటి చేసి, బొమ్మను ఇరవై అంగుళాలకు మించనివ్వకపోతే పిల్లలకు మంచి సాయంత్రమే.

అపోహ: నీటి చుక్కతో సూక్ష్మదర్శిని అన్నది బూటకం.

వాస్తవం: అన్నింటిలోకి నాకు ఇష్టమైన చిట్కా ఇదే, పైగా పనిచేస్తుంది. ఫోనును వెల్లకిలా పెట్టి, ముందు కెమెరా మీద సూదిమొనతో చిన్న చుక్క ఉంచి, దినపత్రికలోని రంగుల బొమ్మను దాని పైన దగ్గరగా పట్టుకుంటే బొమ్మ కాస్తా విడివిడి రంగుల చుక్కలుగా విడిపోతుంది. 17వ శతాబ్దంలో డచ్చి పరిశీలకుడు లీవెన్‌హుక్ సూక్ష్మజీవులను చూసింది కూడా ఒకే ఒక్క చిన్న గాజు కటకంతోనే. అయితే ఇయర్‌పీసు జాలీ పక్కనే ఉంటుంది, చుక్క అటు జారకూడదు.

అపోహ: పాత ఫోనును రాత్రింబగళ్లు చార్జర్‌కు తగిలించి ఉంచితే సీసీ కెమెరా అయిపోతుంది.

వాస్తవం: కెమెరాగా పనికొస్తుంది, బ్యాటరీకి మాత్రం అది శిక్ష. నిండు చార్జి, మే నెల వేడి కలిస్తే లిథియం బ్యాటరీ లోపల వాయువులు పుట్టి ఉబ్బుతుంది. సెట్టింగులలో చార్జింగును 80 శాతానికి ఆపే వీలుంటే వాడాలి, లేకపోతే టైమర్ సాకెట్టుతో రోజుకు కొన్ని గంటలే విద్యుత్తు ఇవ్వాలి, ఎండ తగిలే గోడకు బిగించకూడదు. వెనుక మూత పైకి లేచినట్టు కనిపిస్తే గుచ్చడం, నొక్కి అతికించడం లాంటి పనులు పెట్టుకోకుండా చార్జర్ తీసేసి, మండే వస్తువులకు దూరంగా ఉంచి, విప్పడం తెలిసినవారికి అప్పగించాలి.