లోచ్ మురికి తిని బతకదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

“ట్యాంకులో మురికి తినే చేప ఒకటి ఇవ్వండి.” నెల్లూరులో అక్వేరియం దుకాణం నడిపేవాడికి ఈ మాట వినని రోజుండదు. అడిగినవారి వేలు నేరుగా లోచ్ అనే సన్నటి, పాముపిల్లలాంటి చిన్న చేప వైపే వెళుతుంది. అడుగున తిరుగుతుంది, ఇసుకలో మూతి పెడుతుంది కనుక ఊడ్చే పని దానిదేనని లెక్క.

ఆ లెక్క తప్పు. లోచ్ నోటినిండా ఇసుక తీసుకుని, అందులోని సన్న పురుగులను, లార్వాలను మింగి, ఇసుకను మొప్పల సందుల్లోంచి వదిలేస్తుంది. మూతి దగ్గరి మూడు జతల మీసాలతో తడుముకుంటూ మేత వెతుక్కుంటుంది. మిగతా చేపల విసర్జన దానికి తిండి కాదు. వాగు ఇసుకలో పురుగుకు కొదవ ఉండదు. కడిగి పరిచిన మీ రాళ్లలో ఏముంటుంది? మీరు వేసే మేత పైన తేలుతుంది, మోలీలు, గోల్డ్‌ఫిష్‌లు క్షణంలో ఖాళీ చేస్తాయి. కింద ఉన్నదానికి పస్తే. జబ్బుతో పోయే లోచ్‌లకంటే ఆకలితో పోయేవే నా కంట ఎక్కువ పడ్డాయి. వారాల తరబడి మెల్లగా చిక్కిపోతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

కావలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు లోచ్‌ను సీసాలో పెట్టుకుని వచ్చారు. “రాత్రంతా దీని గురించే ఆలోచన నాయనా, ఏ మందు వేయమంటావు?” అన్నారు. పక్క నుంచి చూశాను. తల లావుగా, పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంది. మీసాలు అరిగి మొద్దుబారాయి. అడుగున పరిచినవి పదునైన పాలరాతి ముక్కలట. “మందు కాదు మాస్టారూ, ముందు తిండి పెట్టండి” అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. పాపం, ఆయన తప్పేముంది? మేత అక్కర్లేదని చెప్పి అమ్మినవాడిని అనాలి. రాళ్లు తీయించి ఇసుక వేయించాను. లైటు ఆర్పాక అడుగుకు మునిగే గుళికలు, అప్పుడప్పుడు ట్యూబిఫెక్స్ పురుగులు వేయమన్నాను. పొట్ట నిండింది, మీసాలు మాత్రం కొంతవరకే వచ్చాయి.

ఇది విదేశీ చేప అనుకునేవారూ ఉన్నారు. పసుపు మీద నల్లపట్టీలున్న కుహ్లి లోచ్ ఆగ్నేయాసియాదే. కానీ గోధుమ మచ్చల లెపిడోసెఫాలిక్తిస్ థర్మాలిస్ అనే లోచ్ దక్షిణ భారతానికి, శ్రీలంకకు సొంతం. కనిగిరి రిజర్వాయర్ కాలువల్లో నీరు తగ్గినప్పుడు మడమ లోతులో కదలకుండా నిలబడి చూడండి. వేలెడంత కూడా ఉండని చేప, ఇసుక రంగులో కలిసిపోయి ఉంటుంది. కాలు కదిపితే చటుక్కున ఇసుకలో దూరి, కళ్లు మాత్రం బయట పెట్టుకుంటుంది. ట్యాంకులో సన్న ఇసుక రెండంగుళాలైనా ఉండాలనేది అందుకే. మైపాడు బీచ్ ఇసుక మాత్రం తేకండి. అందులోని గవ్వల పొడి నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది.

ఇక మిగతావి. రెండు రోజులు కనపడకపోతే చచ్చిపోయిందని ఇసుకంతా తవ్వకండి, పగలు దాక్కోవడం దాని స్వభావం. పైకొచ్చి గాలి మింగితే ప్రాణం పోతోందని కాదు, ఈ జాతి చేపలు పేగుతో కూడా గాలి పీల్చుకోగలవు. చేపలన్నీ పైకొస్తే మాత్రం వెంటనే నీళ్లు మార్చండి. పాముపిల్ల కాదు, కరవదు. వానతో పాటు ఆకాశం నుంచి పడ్డాయన్న కథ ఇంకా తిరుగుతోంది. వాగు పారితే నీటికి ఎదురీది చెరువుకు చేరతాయి, అంతే.

కల్లుప్పు దగ్గర మాత్రం ఆగాలి. ఏ జబ్బుకైనా గుప్పెడు ఉప్పు వేయడం మనవాళ్లకు అలవాటు. లోచ్ పొలుసులు మరీ చిన్నవి, చర్మంలో కూరుకుపోయి ఉంటాయి; ఉప్పయినా, రాగి కలిసిన మందులయినా మిగతా చేపలకంటే దీన్ని ముందు దెబ్బతీస్తాయి. మందు వేయక తప్పకపోతే ముందు లోచ్‌ను వేరే తొట్టిలోకి మార్చండి. వలతో పట్టకండి, కంటి కింద ఉండే చిన్న ముల్లు వలలో చిక్కుకుంటుంది. మగ్గు ముంచి నీటితో సహా తీయండి.