బాజిల్డన్ భవనం వెనక బెంగాల్ డబ్బు

ఇంగ్లండ్‌లో పాత దొరల బంగళాలను, తోటలను కాపాడి జనానికి చూపించే సంస్థ నేషనల్ ట్రస్ట్. 2020 సెప్టెంబరులో అది ఒక నివేదిక బయటపెట్టింది. తన అధీనంలోని 93 చోట్లకు వలస పాలనతోనో, బానిసత్వంతోనో సంబంధం ఉందని అందులో రాసింది. వెంటనే గొడవ మొదలైంది. దేశ చరిత్రను కించపరుస్తున్నారని కన్జర్వేటివ్ ఎంపీలు కొందరు మండిపడ్డారు. ధార్మిక సంస్థలను పర్యవేక్షించే కమిషన్ పరిశీలించి, ట్రస్ట్ నిబంధనలేవీ మీరలేదని 2021 మార్చిలో తేల్చింది.

ఆ జాబితాలో బర్క్‌షైర్‌లోని బాజిల్డన్ పార్క్ అనే భవనం కూడా ఉంది. కట్టించింది ఫ్రాన్సిస్ సైక్స్. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, క్లైవ్‌కు దగ్గరివాడు, ముర్షిదాబాద్ దర్బారులో కంపెనీ రెసిడెంటుగా, అంటే ప్రతినిధిగా పనిచేసి బోలెడంత గడించాడు. 1770లో బెంగాల్‌ను భయంకరమైన కరువు పట్టి లక్షల మంది చనిపోయారు. మరుసటి ఏడాది సైక్స్ థేమ్స్ నది దగ్గర ఈ ఎస్టేట్ కొన్నాడు. జాన్ కార్ అనే వాస్తుశిల్పితో 1776లో పని మొదలుపెట్టించాడు. ఇలా మన దేశంలో సంపాదించి తిరిగొచ్చినవాళ్లను అక్కడివాళ్లు 'నేబాబ్‌లు' అనేవారు. మన 'నవాబు' మాటే అలా మారింది.

తర్వాత ఆ భవనం చేతులు మారింది. ఇరవయ్యో శతాబ్దంలో పాడుబడింది. లోపలి అలంకరణలు కొన్ని న్యూయార్క్‌లోని ఓ హోటల్‌కు వెళ్లిపోయాయి. యుద్ధకాలంలో సైన్యం మకాం పెట్టింది. 1950ల్లో ఇలిఫ్ దంపతులు కొనేనాటికి అది దాదాపు శిథిలమే. వాళ్లు ఎంత ప్రేమగా నిలబెట్టారో చదువుతుంటే ముచ్చటేస్తుంది. లింకన్‌షైర్‌లో జాన్ కార్ కట్టిన మరో భవనాన్ని కూల్చేస్తుంటే, అక్కడి తలుపులు తెచ్చి ఇక్కడ బిగించారు. 1978లో భవనాన్ని, తోటను ట్రస్ట్‌కు ఇచ్చేశారు.

ఆ శ్రమకు నమస్కారం పెట్టాల్సిందే. సైక్స్ డబ్బు ఎక్కడిదో చెప్పినంత మాత్రాన ఆ శ్రమ విలువ తగ్గదు. అక్కడికి వెళ్లినవాళ్లకు తలుపుల కథతో పాటు ముర్షిదాబాద్ కథ కూడా వినిపించాలి. నివేదిక చేసింది ఆ పనే.