ప్రముఖుల జీవితాల్లో విచిత్రాలు: అచ్చుకు నిలిచేవి, నిలవనివి

తిరుపతిలో జిల్లా ఎడిషన్ డెస్క్ మీద కూర్చునేవాళ్లకు సాయంత్రమైతే ఒకటే టెన్షన్. రావాల్సిన ప్రకటన రాలేదు, పేజీలో జాగా మిగిలిపోయింది. అలాంటప్పుడు ఆదుకునేది 'విధి విచిత్రం' తరహా బాక్స్ ఐటమే. ఫలానా మహానుభావుడు ఫలానా మాట అన్నాడు, చివరికి ఆ మాటే ఆయన మెడకు చుట్టుకుంది. పాఠకులకు ఇవంటే భలే ఇష్టం. అందుకే అబద్ధాలు కూడా ఇక్కడే ఎక్కువగా చేరతాయి.

వీటిని ఏరడం నా పని. మొదట చూసేది తేదీలు. మాట ఎప్పుడు అన్నారు, సంఘటన ఎప్పుడు జరిగింది అన్నవి పక్కపక్కన పెడితే కల్పించిన కథ అక్కడే కూలిపోతుంది. నిజమైనదైతే ఇంకా పదునెక్కుతుంది. ముందు మన ప్రాంతంలో తిరిగేవి చూద్దాం.

అపోహ: రవీంద్రనాథ్ ఠాగూర్ ఐదో జార్జి చక్రవర్తిని పొగుడుతూ మదనపల్లెలో జనగణమన రాశారు.

ఒకే వాక్యంలో రెండు తప్పులు. పాటను మొదటిసారి పాడింది 1911 డిసెంబర్ 27న, కలకత్తా కాంగ్రెస్ సభల్లో. చక్రవర్తి అప్పుడు దేశంలోనే ఉన్నాడు. ఆయన్ని పొగిడే హిందీ పాట ఒకటి అదే రోజు అదే వేదిక మీద పాడారు. ఇంగ్లీషు పత్రికల వాళ్లు రెండింటినీ కలిపేసి రిపోర్టు చేశారు. ఆ తప్పు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. డెస్క్‌లో పనిచేసేవాళ్లు గోడకు అతికించుకోవాల్సిన ఉదాహరణ ఇది. చక్రవర్తి మీద పాట రాయమని ఒక ఉద్యోగి మిత్రుడు అడిగితే ఒళ్లు మండిందని, తాను కీర్తించిన భాగ్యవిధాత యుగయుగాలుగా ఈ దేశాన్ని నడిపిస్తున్న సారథి అని, ఏ జార్జీ ఆ సారథి కాలేడని ఠాగూరే 1937లో ఒక లేఖలో రాశారు.

మరి మదనపల్లెలో జరిగిందేమిటి? అప్పుడది చిత్తూరు జిల్లా. 1919 ఫిబ్రవరిలో ఆయన అక్కడి థియసాఫికల్ కళాశాలకు వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. ఠాగూర్ పాటను అక్కడే ఇంగ్లీషులోకి మార్చారు. కజిన్స్ భార్య మార్గరెట్ స్వరాలు రాసి పెట్టారు. పాట పుట్టిన ఊరు కాకపోయినా మదనపల్లెకు దక్కిన గౌరవం చిన్నదేమీ కాదు, దాన్ని పెంచి చెప్పాల్సిన పనీ లేదు.

అసలు విచిత్రం ఆ తర్వాతి తేదీల్లో ఉంది. మదనపల్లె నుంచి వెళ్లిన మూడు నెలలకు, అంటే మే నెలాఖరులో, జలియన్‌వాలాబాగ్ కాల్పులకు నిరసనగా తనకిచ్చిన 'సర్' బిరుదు వద్దంటూ ఠాగూర్ వైస్రాయికి లేఖ రాశారు. ఆ బిరుదు 1915లో ఇచ్చింది ఈ ఐదో జార్జే. రాజు బిరుదును కాదన్న మనిషే రాజును పొగిడాడన్న నింద ఇప్పటికీ మోస్తున్నారు. ఇంకొకటి ఉంది. జాతిని దేవుణ్ని చేసి కొలవొద్దని 1916, 17ల్లో జపాన్‌లో, అమెరికాలో ప్రసంగాలు చేసి తిట్లు తిన్నది ఆయనే. చివరికి ఆయన రాసిన పాటలు రెండు దేశాలకు, మనకూ బంగ్లాదేశ్‌కూ, జాతీయ గీతాలయ్యాయి. ఆ రెండూ చూడకుండానే 1941లో పోయారు.

అపోహ: సర్వేపల్లి రాధాకృష్ణన్ చిత్తూరు జిల్లాలో పుట్టారు.

సెప్టెంబర్ 5 వచ్చిందంటే ఈ వాక్యం ఏదో ఒక కాపీలో తప్పకుండా ఉంటుంది. "తిరుత్తణి మన జిల్లానే గదా సార్?" అని మా కంట్రిబ్యూటర్లు వాదిస్తారు. ఆయన 1888లో పుట్టినప్పుడు చిత్తూరు జిల్లా అనేదే లేదు, తిరుత్తణి ఉత్తరార్కాటులో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయింది. అప్పుడు రాధాకృష్ణన్ ఉపరాష్ట్రపతి. దేశంలో రెండో అత్యున్నత పదవిలో ఉండగా సొంతూరే రాష్ట్రం మారింది!

తిరుపతితో ఆయన బంధం మాత్రం గట్టిదే. 1896 నుంచి 1900 వరకు ఇక్కడి లూథరన్ మిషన్ బడిలో చదివారు. కొండ కింద ఊళ్లో, క్రైస్తవ మిషనరీల దగ్గర చదువు. వేలూరులో, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో కూడా అదే వాతావరణం. హిందూ మతం మీద మిషనరీల విమర్శలే తనను ఆ మతాన్ని లోతుగా చదివేలా చేశాయని ఆయనే రాసుకున్నారు. వేదాంతంలో నీతి మీద ఎం.ఏ. వ్యాసం రాస్తే, దాన్ని మెచ్చుకున్న ప్రొఫెసర్ హాగ్ కూడా మిషనరీయే.

అపోహ: మన్రో దొర గండిలో బంగారు తోరణం చూశాడు, అందుకే చనిపోయాడు.

కడప వైపు ఈ కథ చెప్పని ఊరుండదు. పాపాఘ్ని మీద గండి దగ్గర ఆకాశంలో బంగారు తోరణం కనిపించినవాడు ఎక్కువ కాలం బతకడట. కథగా బాగుంది, నాకూ ఇష్టమే. కానీ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. కథ కంటే అసలు జరిగిందే ఎక్కువ బాధ పెడుతుంది. మద్రాసు గవర్నర్ పదవి నుంచి తప్పించి ఇంటికి పంపమని ఆయన ముందునుంచే అడుగుతున్నాడు. మధ్యలో బర్మా యుద్ధం వచ్చి ఆగిపోయాడు. యుద్ధం ముగిసింది, వారసుడు ఖాయమయ్యాడు. వెళ్లేముందు ఒకప్పుడు తాను కలెక్టర్‌గా పనిచేసిన దత్తమండలాలను చివరిసారి చూద్దామని బయలుదేరాడు. ఆ ప్రయాణంలోనే పోయాడు. కొత్త గవర్నర్ మద్రాసులో దిగేసరికి మన్రో లేడు. పన్నులు వసూలు చేసిన దొర పేరుతో తిరుమలలో నైవేద్యం గంగాళం ఉంది, రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. అది కూడా తోరణం కంటే పెద్ద వింతే కదా.

అపోహ: "భారతదేశం నలుమూలలా తిరిగాను, ఒక్క బిచ్చగాడు కనిపించలేదు" అని మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో అన్నాడు.

ఆ రోజు మెకాలే లండన్‌లో లేడు, కలకత్తాలో ఉన్నాడు. 1834 జూన్‌లో మద్రాసులో ఓడ దిగినవాడు అప్పటికి నలుమూలలూ తిరిగిందీ లేదు. ఆ తేదీన ఆయన రాసింది ఇంగ్లీషు చదువు గురించిన మినిట్, అంటే అధికారిక అభిప్రాయ పత్రం. అందులో ఉన్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మంచి యూరోపియన్ గ్రంథాలయంలో ఒక్క అల్మరా అర, భారత్, అరేబియాల సాహిత్యమంతటితో సమానమన్నాడు. ఆ మాటకు కాస్త ముందే, తనకు సంస్కృతం గానీ అరబిక్ గానీ రావని కూడా ఒప్పుకున్నాడు. మన సంస్కృతిని చిన్నచూపు చూసినవాడి నోట లేని పొగడ్త పెట్టి, దాన్ని మన గొప్పకు సాక్ష్యంగా ఫార్వర్డ్ చేస్తున్నాం. దీన్ని మించిన ఐరనీ ఆయన జీవితంలో వెతికినా దొరకదు.

అపోహ: ఆల్ఫ్రెడ్ నోబెల్ తన చావు వార్త తానే పేపర్లో చదివి మనసు మార్చుకుని నోబెల్ బహుమతులు పెట్టాడు.

1888లో పోయింది ఆయన అన్న లుడ్విగ్. ఫ్రెంచి పత్రిక ఆల్ఫ్రెడ్ అనుకుని 'మృత్యు వ్యాపారి మృతి' అని వేసిందని కథ. ఆ వార్త వల్ల మనసు మారిందని నోబెల్ ఎక్కడా రాయలేదు. బహుమతుల వీలునామా మీద సంతకం చేసింది ఏడేళ్ల తర్వాత, 1895 నవంబర్‌లో. నన్నడిగితే ఈ కథ అక్కర్లేదు, ఆయన స్వయంగా రాసిన లేఖే ఉంది. 1896 అక్టోబర్‌లో, గుండె జబ్బుకు డాక్టర్లు తనకు నైట్రోగ్లిజరిన్ రాసిచ్చారని, ఇది విధి వెక్కిరింత కాదా అని సహాయకుడు సోల్మన్‌కు రాశాడు. జనం భయపడకుండా దాన్ని ట్రినిట్రిన్ అంటున్నారని కూడా చెప్పాడు. డైనమైట్‌లో పేలేది ఆ పదార్థమే. 1864లో ఆయన తమ్ముడు ఎమిల్‌ను పొట్టన పెట్టుకున్నదీ అదే. లేఖ రాసిన రెండు నెలల్లోపే నోబెల్ పోయాడు.

అపోహ: "రొట్టె లేకపోతే కేకు తినమనండి" అన్నది ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్.

'ఒక గొప్ప రాకుమారి' అన్నదంటూ ఫ్రెంచి రచయిత రూసో ఈ మాట రాసేనాటికి ఆమె వియన్నాలో పదేళ్ల పిల్ల. పేరు కూడా ఆయన చెప్పలేదు.

అపోహ: గాంధీజీ పేరును నోబెల్ శాంతి బహుమతికి ఎవరూ పంపలేదు.

1937, 38, 39, 47లలో పంపారు. 1948లో కూడా, హత్యకు కొద్ది రోజుల ముందు. ఆ ఏడాది బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. జీవించి ఉన్నవారిలో తగినవారు లేరన్నది కమిటీ చెప్పిన కారణం.

అపోహ: గురువులే అక్కర్లేదన్న జిడ్డు కృష్ణమూర్తి తానే గురువై కూర్చున్నారు, అదంతా కపటం.

మదనపల్లెలో పుట్టిన ఈయన గురించి తిరుపతిలో తరచూ వినే విసురు ఇది. విచిత్రాన్నీ కపటాన్నీ ఒకటి చేసేయడం నాకు నచ్చదు. అనీబిసెంట్ బృందం ఆయన్ని జగద్గురువుగా తయారుచేసి 1911లో ఒక సంఘమే పెట్టింది. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, వేలమంది అనుచరుల ముందు, దాన్ని ఆయనే రద్దు చేశారు. సంఘానికి వచ్చిన ఎస్టేటును ఇచ్చినాయనకే తిప్పి పంపారు. కపటి అయితే ఉన్న గద్దె దిగడు. దిగిన తర్వాత 1986 జనవరి దాకా ఊరూరా మాట్లాడుతూనే ఉన్నారు, నన్ను అనుసరించకండి అన్న మాట వినడానికి జనం వస్తూనే ఉన్నారు.

ఆయన పేరుతో ఎక్కువగా తిరిగే వాక్యం, "జబ్బుపడిన సమాజంలో చక్కగా ఇమిడిపోవడం ఆరోగ్యానికి కొలత కాదు" అన్నది, ఈ రూపంలో ఆయన ప్రసంగాల్లో దొరకదు. మా బాక్స్ ఐటమ్‌లో దాన్ని వేయం. ఓమెన్ ప్రసంగం పూర్తి పాఠం అచ్చులో ఉంది, కావాల్సినవాళ్లు అందులోంచి తీసుకోవచ్చు.