వెనక సీటు హెడ్‌రెస్టులు, రివర్సు గేరు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో పంతొమ్మిదేళ్లుగా కారు నేర్పుతున్నాను. ఎక్కువగా ఇళ్లకే వెళ్లి, వాళ్ల సొంత కారు మీదే నేర్పిస్తాను. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, మధురవాడ... ఏ అపార్టుమెంటుకి వెళ్లినా మొదటి రోజు ముందుగా డిక్కీ తెరిచి చూస్తాను. చాలా కార్లలో వెనక సీటు హెడ్‌రెస్టులు అక్కడే ఉంటాయి, పాత గొడుగు పక్కన, కొన్నప్పటి పాలిథిన్ కవరు కూడా తీయకుండా. ఎందుకు తీశారండీ అంటే, "రివర్సు చేస్తుంటే అడ్డమొస్తున్నాయి మాస్టారూ" అంటారు. ఇది విన్న ప్రతిసారీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: హెడ్‌రెస్టులు తీసేస్తే వెనక ఏముందో కనిపిస్తుంది

దూరంగా ఉన్నది ఇంకాస్త బాగా కనిపిస్తుంది. బంపరు వెనక ఉన్నది మాత్రం అప్పుడూ కనిపించదు.

సీతమ్మధారలో ఒక అపార్టుమెంటు స్టిల్ట్, అంటే కింద స్తంభాల మధ్య కార్లు పెట్టే చోటు. నేర్చుకుంటున్నావిడ స్టీరింగు దగ్గర, నేను పక్క సీట్లో. హెడ్‌రెస్టులు మూడూ ముందే తీసేసి ఉన్నాయి. వెనక అద్దం నిండా గోడ, దాని మీద కరెంటు మీటర్ల వరస. ఆవిడ రివర్సు వేసి మెల్లగా క్లచ్ వదులుతోంది. వాచ్‌మన్ భార్య చేతిలో బకెట్ పడేసి పరుగెత్తుకొచ్చి డిక్కీ మీద అరచేత్తో దబదబా బాదింది. "ఆపండి బాబూ, ఆపండి! గుంట ఉంది ఎనకాల!" గుంట అంటే మా వైపు చిన్నపిల్ల.

దిగి చూస్తే బంపరుకి జానెడు దూరంలో వాళ్ల పాప బాసింపట్టు వేసుకుని కూర్చుని సుద్దముక్కతో నేల మీద గీతలు గీస్తోంది. మీటర్లన్నీ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్న అద్దంలో ఆ పిల్ల లేదు. నాకూ కనపడలేదు. ఎక్కే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి రమ్మని ఆవిడకి చెప్పకపోవడం నా తప్పే. ఇప్పుడు ఆ తిరగడం అయితే గానీ ఎవరికీ తాళం ఇవ్వను.

ఆ తర్వాత ఒక హ్యాచ్‌బ్యాక్ మీద టేపు పెట్టి కొలిచాను. డ్రైవరు కన్ను నేల నుంచి 120 సెం.మీ. ఎత్తులో ఉంది. వెనక అద్దం కింది అంచు 105 సెం.మీ. ఎత్తులో. రెండిటికీ మధ్య 2.2 మీటర్లు. అంటే చూపు 2.2 మీటర్లు వెళ్తే 15 సెం.మీ. దిగుతోంది. అప్పుడే నడక నేర్చిన పిల్ల 75 సెం.మీ. పొడవుంటే, ఆ తల కనపడటానికి అద్దం దాటి ఇంకా 4.4 మీటర్లు పోవాలి. ఖాళీ నేల కనపడాలంటే 15.4 మీటర్లు. మీ కారులో అంకెలు కొంచెం అటూ ఇటూ కావచ్చు, సెడాన్ అయితే డిక్కీ మూత అడ్డం వచ్చి ఇంకా పెరగవచ్చు. ఈ లెక్కలో హెడ్‌రెస్టు ఎక్కడా రాలేదు. పిల్లని దాచేది అద్దం కింది అంచు, దాని కింద ఉన్న తలుపు రేకు.

నమ్మకం కుదరకపోతే మీ స్టిల్ట్‌లోనే చూసుకోండి. బంపరు వెనక బకెట్ బోర్లించి పెట్టి, సీట్లో కూర్చుని వెనక్కి తిరగండి. హెడ్‌రెస్టులు ఉంచి ఒకసారి, తీసి ఒకసారి. బకెట్‌ని ఒక్కో అడుగూ వెనక్కి జరిపిస్తూ ఎక్కడ కనపడుతుందో గుర్తు పెట్టుకోండి.

హెడ్‌రెస్టు అసలు దేన్నీ కప్పదని నేననను. పక్క నుంచి దూసుకొచ్చే ఆటోని, స్కూటర్ని కప్పుతుంది, ముఖ్యంగా మధ్య సీటుది. అయితే తల రెండంగుళాలు జరిపితే దాని చాటున ఉన్నది బయటపడుతుంది. అద్దం అంచు కింద ఉన్నది తల ఎంత జరిపినా బయటపడదు. మన డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమ భుజం మీదుగా పూర్తిగా ఒళ్లు తిప్పి వెనక అద్దంలోంచి చూడాలి. లోపలి రియర్‌వ్యూ మిర్రర్‌లోనే చూస్తూ రివర్సు చేసేవాళ్లకే హెడ్‌రెస్టులు కొండల్లా కనిపిస్తాయి.

అపోహ: అది తల వాల్చుకోవడానికి పెట్టిన దిండు

పేరే ఈ పొరపాటు చేయిస్తోంది. ఇంజనీర్లు దాన్ని హెడ్ రిస్ట్రెయింట్ అంటారు, తలని పోనివ్వకుండా ఆపేది అని. అమెరికాలో 1969 జనవరి 1 నుంచి కొత్త కార్ల ముందు సీట్లకి దాన్ని తప్పనిసరి చేశారు. సుఖం కోసం ఎవరూ చట్టం చెయ్యరు కదా.

వెనక నుంచి బండి గుద్దిందనుకోండి. సీటు మన వీపుని ముందుకి తోస్తుంది. తలని తోసేది ఏదీ లేదు, అది ఉన్నచోటే ఉండిపోతుంది. మెడ వెనక్కి విరుచుకుని, ఆ వెంటనే ముందుకి కొట్టుకుంటుంది. కొరడా ఝళిపించినట్టు ఉంటుందని దీనికి విప్‌లాష్ అని పేరు. నెమ్మదిగా వచ్చే బండి గుద్దినా ఇది జరగొచ్చు. ఆ క్షణాన ఏమీ తెలియకపోవచ్చు, తెల్లారి లేచేసరికి మెడ తిరగదు.

మద్దిలపాలెం, హనుమంతవాక సిగ్నళ్ల దగ్గర హైవే మీద ఆగినప్పుడు, వెనక లారీ ఆగుతోందా లేదా అని మనం అద్దంలో చూసుకుంటూనే ఉంటాం. వెనక సీట్లో కూర్చున్న అమ్మకి ఆ అద్దం లేదు. ఆవిడ మెడకి ఉన్న ఒక్క ఆధారాన్నీ మనం డిక్కీలో పడేశాం.

ఎంత ఎత్తున పెట్టాలంటే, దాని పై అంచు కనీసం చెవుల పైభాగం దాకా రావాలి, నడినెత్తి దాకా వస్తే మరీ మంచిది. తలకీ దానికీ మధ్య మూడు వేళ్ల సందు, అంటే 5 సెం.మీ. మించకూడదు. మెడ దగ్గర ఆగిపోయేలా దించి కూర్చుంటే మెడ దాని మీదుగా వెనక్కి మడతపడుతుంది. హెడ్‌రెస్టుకి కట్టే మెత్తటి దిళ్లు కూడా నాకు నచ్చవు, అవి తలని ముందుకి తోసేస్తాయి. సీటు కవర్లు కుట్టించేటప్పుడు కింద ఉండే లాక్ బటన్ మూసుకుపోకుండా చూడమని చెప్పండి. అది మూసుకుపోతే ఎత్తు మార్చడం అక్కడితో ఆగిపోతుంది.

అపోహ: దించితే వీపుకి గుచ్చుకుంటోంది, ఇది తయారీ లోపం

కావాలనే అలా చేశారు. సీటు పైఅంచు మీద కప్పులా కూర్చునే హెడ్‌రెస్టులు ఇవి. సీటు ఖాళీగా ఉంటే పూర్తిగా కిందికి దిగి డ్రైవరుకి అద్దం వదిలేస్తాయి. మనిషి కూర్చుంటే భుజాల మధ్య పొడుస్తాయి, దాంతో పైకి లేపక తప్పదు. కొన్ని వోల్వో కార్లలో డ్రైవరు బటన్ నొక్కితే వెనకవి వాటంతట అవే వాలిపోతాయి. మీ అడ్డు సమస్యకి కంపెనీలు ఆలోచించిన జవాబు ఇదే, తీసేయమని కాదు. మనిషి ఎక్కితే పైకి, దిగితే కిందికి. రెండు సెకన్ల పని.

అపోహ: మా కారులో వెనక ఎవరూ కూర్చోరు

ఆదివారం సింహాచలం కొండకి అత్తగారూ మామగారూ వస్తారు. రైలు దిగిన చుట్టాన్ని స్టేషన్ నుంచి తీసుకొస్తారు. ఆ వేళప్పుడు డిక్కీలోంచి తీసి బిగించినవాళ్లని నేనింతవరకూ చూడలేదు. పైగా ఇనప కడ్డీలున్న ఆ బరువు డిక్కీలో వదులుగా దొర్లుతూ ఉండటం కూడా మంచిది కాదు.

తీయాల్సిన సందర్భం ఒకటుంది. పిల్లల సీటు వీపు భాగానికి హెడ్‌రెస్టు అడ్డుపడితే, ఆ సీటుతో వచ్చిన పుస్తకం తీయమంటుంది. అక్కడ తీయండి. వీపు లేని బూస్టరు సీటైతే మాత్రం హెడ్‌రెస్టు ఉండి తీరాలి.

అపోహ: కారు మునిగితే అద్దం పగలగొట్టడానికే కడ్డీలు అలా చేశారు

వాట్సాప్‌లో తిరిగే మాట. వాటిని చేసింది ఎత్తు మార్చుకోవడానికి. గాభరాలో, నీళ్లలో అది ఊడిరావడమే కష్టం. పక్క అద్దాన్ని అంచు దగ్గర పగలగొట్టే చిన్న సుత్తి దొరుకుతుంది, కొని చేతికందేచోట పెట్టుకోండి. ముందు అద్దం జోలికి వెళ్లకండి, అది పొరలు అతికించిన అద్దం, చిట్లుతుంది గానీ రాలదు.

అపోహ: అడ్డమొచ్చేవి హెడ్‌రెస్టులే

హెడ్‌రెస్టులు తీసేసిన కార్లలోనే వెనక ట్రే మీద కుషన్లు, టిష్యూ పెట్టె, తల ఊపే కుక్కబొమ్మ చూస్తుంటాను. ఎండకి కట్టిన నల్ల జాలీ సరేసరి. వెనక అద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలని మోటారు వాహనాల నిబంధన ఉంది. పైగా మన సముద్రపు గాలి. బీచ్ రోడ్డు పక్క రాత్రంతా నిలిపిన కారు అద్దం మీద పొద్దున వేలు పెట్టి గీస్తే గీత పడుతుంది. వానాకాలం ఏసీ వేస్తే అద్దానికి బయటివైపు కూడా ఆవిరి పడుతుంది. ముందు తడిగుడ్డ పెట్టి తుడిచి, అప్పుడు చెప్పండి దేనివల్ల కనపడటం లేదో.

అపోహ: కెమెరా, సెన్సర్లు ఉన్నాయిగా

2019 జులై నుంచి మన దేశంలో కొత్త కార్లకి రివర్సు సెన్సర్లు తప్పనిసరి. అమెరికాలో 2018 మే నుంచి కెమెరానే తప్పనిసరి చేశారు. ఎందుకంటే అద్దం అంచు కింద ఉన్న పిల్లని సీట్లో కూర్చున్నవాళ్లకి చూపించే దారి అది. కాబట్టి కెమెరా పెట్టించుకోండి, నేను దాని పక్షమే. పాత కార్లకీ బిగిస్తారు. హెడ్‌రెస్టులు తీసి సాధించలేనిది అది సాధిస్తుంది.

కానీ సెన్సరు శబ్దతరంగాల మీద పనిచేస్తుంది. సన్నటి ఇనప రాడ్డు, పొట్టి గట్టు, మెత్తటి బట్టల్లో ఉన్న చిన్న పిల్ల, వీటిని అది వదిలేసే వీలుంది. కెమెరా కంటి మీద ఉప్పు పొర పేరుకుంటే తెరంతా పాలు పోసినట్టు ఉంటుంది.

ఇక మన సెల్లార్ ర్యాంపులు. కొండవాలు ఊరు కాబట్టి నిటారుగా కడతారు. రివర్సులో పైకొస్తుంటే కారు తోక ఆకాశం వైపు లేచి ఉంటుంది, వెనక అద్దంలో మబ్బులు తప్ప ఏమీ ఉండవు. ర్యాంపు పైఅంచు దాటే ఆ రెండు అడుగుల్లో కెమెరా కూడా పైకే చూస్తుంది, రోడ్డుని కాదు. అక్కడ ఒక మనిషి దిగి గేటు బయట, మీకు పక్క అద్దంలో కనిపించేచోట నిలబడాలి. పాటలు కట్టేయండి, ఏసీ ఉన్నా సరే కిటికీలు రెండూ దించండి. ఆ మనిషి మీ అద్దంలోంచి తప్పుకుంటే బ్రేక్ మీద కాలు పెట్టి, మళ్లీ కనిపించేదాకా ఆగండి.